గోపాలప్ప అరిచిన మాట

విమానం కాలి మొగుడు పోయాక మాదమ్మ ఏడ్చింది తక్కువ, తిట్టింది ఎక్కువ. తిట్టింది కూడా విమానాన్ని కాదు, దేవుణ్ణి కాదు, పోయిన మొగుణ్ణే. సంగటి కెలుకుతూ తిట్టేది, జల్లి గంప నెత్తికెత్తుకుంటూ తిట్టేది. "నిన్నెవరు అరవమనింది? అంతమంది గమ్మున కూర్చోనుంటే నీకొక్కనికే ఉండిందా నోరు? మూసుకోనుంటే ఈ పొద్దు మనకీ గతి పట్టునా?" అని. పోయినవాడు బదులు చెప్పడు కదా, అందుకని ఆమె కోపానికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. బతికుండగా ఎట్లాంటివాడైనా పోయాక లోకం పొగుడుతుంది. మాదమ్మ మొగుడు గోపాలప్పకు ఆ యోగం కొన్నాళ్ళే దక్కింది. తర్వాత అదే లోకం అతణ్ణి హంతకుడంది. అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే ముందు తారు సంగతి చెప్పాలి.

ధర్మపురి పక్కన అదియమాన్‌కోట్టైలో వాళ్ళది తెలుగువాళ్ళ వీధి. ఎన్ని తరాల కింద వచ్చారో వాళ్ళకే తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరం చదవగలిగినవాడు ఆ వీధిలో ఒక్కడు లేడు, తెలుగులో తిట్టలేనివాడూ ఒక్కడు లేడు. రాళ్ళు కొట్టడం, గోడలు కట్టడం, రోడ్లు వెయ్యడం వాళ్ళ బతుకు. పెన్నాగరం బస్సు కుదుపు లేకుండా పోతోందంటే ఆ పుణ్యం వీళ్ళ అరికాళ్ళ బొబ్బలది.

రోడ్డు పనిలో అన్నిటికంటే పాడు పని తారు మొయ్యడం. పీపా కింద కట్టెలు మండించి తారు కాస్తారు. సలసల కాగేదాన్ని ముక్కున్న రేకు డబ్బాలోకి పట్టుకుని, కాళ్ళకు గోనెపట్ట చుట్టుకుని, పరుగులాంటి నడకతో పోయి, చల్లారకముందే పరిచిన జల్లి మీద పొయ్యాలి. జల్లి అంటే కంకర. దాన్ని మోసేది ఆడవాళ్ళు. నెత్తిన గంపతో నడిచే ఆడమనిషికి వెనక ఏం వస్తోందో కనపడదు. అందుకని ఆ పనికి ఒకటే ధర్మం: తారు మోసేవాడు నోరు మూసుకుని నడవకూడదు. డబ్బా చేతికెత్తుకున్నప్పటి నుంచి కింద దించేదాకా కేక వేస్తూనే ఉండాలి. కేక మరిచినవాణ్ణి మేస్త్రీ రంగస్వామి ఆ పూటే ఇంటికి పంపేసేవాడు.

గోపాలప్ప తారు మోసేవాడు. గొంతు విప్పితే రోడ్డు ఆ చివరున్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు. మాదమ్మ అదే గుంపులో జల్లి మోసేది. ఆ కేక వినీ వినీ, ముందు నవ్వి, తర్వాత విసుక్కుని, చివరికి కేక వేసేవాణ్ణే కట్టుకుంది.

తర్వాత గల్ఫ్ దేశాల పిచ్చి వచ్చింది. అక్కడ ఇసుకలో రోడ్లు వేస్తున్నారని గోపాలప్ప ఒకసారి పోయి, ఒళ్ళు నల్లగా మాడ్చుకుని వచ్చాడు. రెండోసారి పోయేటప్పుడు ఇద్దర్ని వెంటపెట్టుకున్నాడు. ఒకడు ఈశ్వరప్ప, గోపాలప్ప అక్క పాపక్కకు ఒక్కగానొక్క కొడుకు. ఇంకొకడు పాపారపట్టి చిన్నసామి, గోడలు కట్టే మేస్త్రీ. చిన్నసామి అరవవాడు. గోపాలప్పతో ఎంత స్నేహమున్నా ‘బాగుండారా’ అనే పలకరింపు తప్ప అతనికి తెలుగు రాదు. రోడ్డు పని అసలే తెలీదు. పోయేరోజు పాపక్క కొడుకు చేతిని తమ్ముడి చేతిలో పెట్టి, "పిలుచుకోని పోతా ఉండావు, పిలుచుకోని రావాల" అంది.

ఎనభై ఆరు ఎండాకాలం. బొంబాయిలో విమానం లేచిన కాసేపటికే ఎడమ రెక్క కింద ఇంజిను అంటుకుంది. విమానాన్ని వెనక్కి తిప్పి దించారు. దించడం బాగానే దించారు. చచ్చినవాళ్ళెవరూ ఆకాశంలో చావలేదు, నేల మీదికొచ్చి చచ్చారు. కడుపు మండేది అక్కడే. ఎవరు ఎటు దిగాలో ఇంగ్లీషులో చెప్పారట, హిందీలో చెప్పారట. వెనక వరుసల నిండా ధర్మపురి, సేలం కూలీలు. వాళ్ళకు ఆ రెండూ పిట్టల కూతలే. వెనక నిలబడి దారి చూపాల్సిన సిబ్బంది పిల్ల ముందుకు పోయి అక్కడే ఉండిపోయింది. పొగ కమ్మింది. జనం లేచి దగ్గరున్న ఎడమ తలుపు మీద పడ్డారు. మంట ఉన్నది ఆ పక్కే. తలుపు తెరుచుకుంది, మంట లోపలికొచ్చింది. గోపాలప్ప, ఈశ్వరప్ప, ఇంకా కొందరు ఆ తలుపు దగ్గరే పోయారు.

చిన్నసామి చేతికి కట్టుతో ఊరికొచ్చి, ఇంటికి కూడా పోకుండా నేరుగా మాదమ్మ అరుగు మీద కూలబడ్డాడు. అరవంలో ఏడుస్తూ చెప్పాడు.

"అక్కా, అందరం కొయ్యబారిపోయాం. అన్న ఒక్కడే లేచాడు. తలుపు దగ్గరికి ఉరికి, మా వైపు తిరిగి నిలబడి, ‘తప్పిచ్చుకోంగ, తప్పిచ్చుకోంగ’ అని అరిచాడు. పొగలో ఆ గొంతొక్కటే వినపడింది. నా మెడ పట్టి అవతలికి తోశాడు. నేను పడ్డచోట కుడి తలుపు ఉంది. బయటివాళ్ళు దాన్ని తెరిచి నన్ను లాగారు. అన్న మనిషి కాదక్కా, దేవుడు."

తప్పిచ్చుకోంగ అంటే అరవంలో తప్పించుకోండి అని. గోపాలప్ప గడప దాటితే అరవం మాట్లాడే మనిషే కాబట్టి అరవంలోనే అరిచాడని మాదమ్మ కూడా నమ్మింది. అనుమానపడడానికి అందులో ఏముంది?

చిన్నసామి ఈ కథను పాపారపట్టి టీ కడలో, అంటే టీ అంగట్లో, చెప్పాడు, ధర్మపురి బస్టాండులో చెప్పాడు. అంతకుముందే బొంబాయి ఆసుపత్రిలో మంచం పక్కకొచ్చి అడిగిన విమాన కంపెనీ మనిషికీ చెప్పాడు. మెచ్చుకోలుగానే చెప్పాడు పాపం. ఆ మెచ్చుకోలుతోనే కంపెనీ ఉరితాడు పేనింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వాళ్ళకు ఒక మద్దెల కావాలి. ఇంజిను ఎందుకు అంటుకుందని ఎవరూ అడగకూడదు. వెనక మనిషి ఎందుకు లేదని అడగకూడదు. కూలీలకు అర్థమయ్యే మాటలో ఎందుకు చెప్పలేదని అడగనే కూడదు. అన్నిటికీ కలిపి ఒకే జవాబు దొరికింది. గోపాలప్ప అనే కూలీ ఎవరూ చెప్పకముందే లేచి, తప్పించుకోండని అరిచి, జనాన్ని బెదరగొట్టి, మంట వైపు తలుపు తీశాడు. వాడు నోరు మూసుకుని ఉంటే అందరూ వరుసగా దిగి బతికేవాళ్ళు. శవం తలుపు దగ్గరే దొరికింది కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

ఈ మాట పేపర్లో వచ్చింది, పేపరు నుంచి టీ కడకొచ్చింది, టీ కడ నుంచి తెలుగు వీధికొచ్చింది. పాపక్క విన్నది. కొడుకు పోయిన రోజున కూడా అంత గట్టిగా అరవని మనిషి, వీధి మధ్యలో నిలబడి తమ్ముడికి శాపనార్థాలు పెట్టింది. కొళాయి దగ్గర మాదమ్మ బిందెను కాలితో తన్నింది. "వచ్చే పెద్దల అమావాస్యకు అన్నం పెట్టిన ఆకు ముందర ఆ పాపిష్టోని పేరు ఎవరన్నా పిలిస్తే వాళ్ళ నోట్లో మన్ను పోస్తా" అంది. ఆడబిడ్డ మాటంటే ఆ ఇళ్ళల్లో రాసిపెట్టిన మాట. పేరు పిలవకపోతే పోయినవాడికి పెద్దల్లో చోటు లేదు. ఎక్కడి మనిషో అన్నట్టు గాలిలో తిరగాల్సిందే.

అప్పటి నుంచే మాదమ్మ మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ఇంకొకరు తిడితే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. ఆమె తిట్టుకోవచ్చు, ఆమె మొగుడు. కంపెనీవాడెవడు?

ఆడి నెల, అంటే ఆషాఢం, గాలి దుమ్ము రేపుతున్న రోజుల్లో కంపెనీ నుంచి నరసింహన్ అనే ఆఫీసరు కారులో ధర్మపురికి వచ్చాడు. ట్రావెలర్స్ బంగళాలో దిగి, పోయినవాళ్ళ ఇళ్ళకు కబురు పెట్టాడు. విచారణలో తేలినది చదివి వినిపిస్తాం, విన్నామని, ఒప్పుకున్నామని ఇంటికొకరు వేలిముద్ర వెయ్యాలి, తర్వాత ఎవరికి రావలసిన డబ్బు వాళ్ళకు వస్తుంది అని. వేలిముద్ర పడితే ఇంక ఎన్నటికీ ఆ మాట తిరగదు. గోపాలప్ప హంతకుడని గోపాలప్ప పెళ్ళామే ఒప్పుకున్నట్టు.

విచిత్రమేమిటంటే, ఆ రోజు మాదమ్మ పని చేస్తున్నది కూడా ఆ బంగళా ముందరి రోడ్డు మీదే. తారు పీపా గేటు పక్కనే పొగలు కక్కుతోంది. జల్లి గంప దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, తలనిండా దుమ్ముతోనే ఆమె లోపలికి పోయింది.

పెద్ద హాలు. వీధి వైపు ఒక తలుపు, నరసింహన్ కుర్చీ వెనక తోటలోకి ఇంకో తలుపు. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు, వాళ్ళ చుట్టాలు నేల మీద కూర్చున్నారు. పాపక్క ముందు వరుసలో ఉంది, మాదమ్మను చూసి మొహం తిప్పుకుంది. చిన్నసామి గోడకానుకుని నిలబడ్డాడు. నరసింహన్ చెడ్డగా ఏమీ లేడు. అందరికీ నమస్కారం పెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు, మంచి అరవంలో, పాఠం చెప్పినట్టు నిదానంగా చదివాడు. ఆ నిదానమే మాదమ్మకు కారం పూసినట్టు మండింది.

చదవడం అయ్యాక ఆమె లేచి అరవంలో అడిగింది. "ఆ వెనక పక్క మీ మనిషి యాడికి పోయింది సామీ?"

"ఆమె ముందు భాగంలో ప్రయాణికులకు సాయం చేస్తోందమ్మా."

"మావాళ్ళకు ఏ తలుపో ఎవరు చెప్పినారు?"

"స్పష్టంగా ప్రకటించారు. ఇంగ్లీషులోనూ, హిందీలోనూ."

"మావాళ్ళకు ఆ రెండూ రావు గదా."

"ఊరికొక భాష ఉన్న దేశంలో విమానంలో అన్నీ చెప్పడం కుదరదమ్మా. అందుకే కదా, ఎక్కినవాళ్ళు కూర్చున్నచోట కూర్చోవాలి."

చిన్నసామి ఉండబట్టలేకపోయాడు. "సార్, నేను అన్న మంచికి చెప్పాను. మీరు చెడ్డకు రాసుకున్నారు!"

నరసింహన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గోపాలప్ప అరిచాడా లేదా?"

"అరిచాడు సార్, కానీ..."

"ఏమని అరిచాడు?"

చిన్నసామి తల దించుకున్నాడు. "తప్పిచ్చుకోంగ అని."

"అంతే కదా. మేం రాసిందీ అదే."

"తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాడు సార్! తలుపు తీసేవాడైతే మావైపు ఎందుకు తిరుగుతాడు? అతని భుజం మీంచి ఇంకెవరిదో చెయ్యి పోయి పిడి లాగింది. నన్ను అవతలికి ఎందుకు తోశాడు?"

"భయంలో మనిషి ఏదైనా చేస్తాడయ్యా" అని నరసింహన్ సిరా పెట్టె తెరిచాడు.

మొదట పాపక్క పోయింది. బొటనవేలు అద్ది, కాగితం మీద ఒత్తి, మిగిలిన సిరాను కొంగుకు తుడుచుకుంటూ మాదమ్మ ముందుకొచ్చి నిలబడింది. ఇన్ని రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట ఇది: "నా తమ్ముడు నా బిడ్డను తినేసినాడని నేను ఒప్పుకొన్యాను. నీకేమే నొప్పి? పోయి వెయ్యి."

మాదమ్మ కదల్లేదు. నరసింహన్ చేతి గడియారం చూసుకున్నాడు. "రామ్మా, నేను సేలంలో రైలు పట్టుకోవాలి. పోయినాయన చేసిన తప్పుకు నిన్నెవరూ ఏమీ అనరు" అని ఓదార్పుగా అన్నాడు.

ఆ ఓదార్పుతో మాదమ్మకు కళ్ళ ముందు లోకం ఎర్రబడింది. తిట్టినా ఓర్చుకునేదేమో. ఈయనొచ్చి క్షమిస్తున్నాడు! మంచినీళ్ళు తాగినంత సులువుగా మనిషిని చంపి, పైన క్షమిస్తున్నాడు! ఆమె బయటికి నడిచింది. ఏడవడానికి పోయిందనుకున్నారు అందరూ.

గేటు దగ్గర అప్పుడే పీపా నుంచి పట్టిన తారు డబ్బా పొగలు కక్కుతూ ఉంది. దాన్ని దించినవాడు కాలికి గోనెపట్ట బిగించుకుంటున్నాడు. మాదమ్మ పిడి పట్టుకుని ఎత్తింది. జన్మలో తారు మోసిన మనిషి కాదు. మేస్త్రీ రంగస్వామి "ఏయ్, మాదమ్మా!" అంటూ లేచేలోగా ఆమె మెట్లెక్కింది. ఏం చెయ్యబోతోందో ఆమెకు బాగా తెలుసు. ఆ కాగితం మీద పొయ్యాలి. కాగితం మీద వాడి చెయ్యి ఉంటే చెయ్యి మీద పొయ్యాలి. చెయ్యి కాలితే తెలుస్తుంది, ఆ తలుపు దగ్గర నిలబడడమంటే ఏందో. చప్పుడు చెయ్యకుండా పోవాలి, వాడు చూసేలోపల పొయ్యాలి అనుకుంది.

గడప దగ్గర ఆమెకు అడ్డంగా ఆడవాళ్ళ వీపులు. ఏ పాపమూ ఎరగని వీపులు. డబ్బా అటూ ఇటూ ఊగింది, వేడి మోకాలికి తగిలింది. ఆ గుంపులో అన్నేళ్ళు పని చేసిన ఒళ్ళు అది. తారు చేతిలో ఉండగా నోరు మూసుకుని నడవడం దానికి చేత కాలేదు. ఆమె వద్దనుకుంటుండగానే గొంతు తెరుచుకుంది.

"తప్పుకోండి! తప్పుకోండీ!"

అదే సాగదీత, అదే విరుపు. గోపాలప్ప కేకే ఆమె గొంతులోంచి వచ్చింది.

తెలుగు వీధి ఆడవాళ్ళు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేలమీది నుంచి లేచి చెరొక పక్కకు జరిగిపోయారు. పాపక్క అందరికంటే ముందు జరిగింది. నడుమ దారి పడింది.

ఆ దారిలో నరసింహన్ పరుగెత్తుకొచ్చాడు! ఆ కేక చెవిన పడగానే కుర్చీ తన్నుకుని లేచాడు. వెనక తోట తలుపు బార్లా తెరిచి ఉంది. దాన్ని చూడనే లేదు. ఏదో ముంచుకొచ్చింది, పారిపోవాలి అన్నట్టు వచ్చిన తలుపు వైపే, నేరుగా తారు డబ్బాకు ఎదురుగా వచ్చి పడబోయాడు.

పొయ్యాలనుకున్న మనిషి రొమ్ముకు మూరెడు దూరంలో ఉన్నాడు. మాదమ్మ డబ్బాను విసురుగా పక్కకు తిప్పింది. తారు గచ్చు మీద పడి బుసకొట్టింది, కొంత ఆమె పాదం మీద పడింది. ఆమె పళ్ళు బిగించి కూలబడింది. ఎవరో కుండెడు నీళ్ళు తెచ్చి కాలి మీద కుమ్మరించారు.

"నీకేమన్నా కండ్లు లేవా?" అని ఆమె నొప్పితో అరవంలో అరిచింది. "తప్పుకోమని గొంతు చించుకుంటా ఉంటే ఎదురుగా వస్తావా? కాలిపోయి ఉంటే ఎవరి తప్పయ్యా అది?"

నరసింహన్ తారు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "నువ్వే కదమ్మా... తప్పిచ్చుకోంగ అని అరిచావు?"

గోడ దగ్గర చిన్నసామి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఇదే!" అని అరవంలో కేక పెట్టాడు. "ఇదే మాట! ఇదే గొంతు! అక్కా, ఇప్పుడు మీరేమన్నారు? ఇంకోసారి అనండి!"

"తప్పుకోండి అన్నాను."

"అంటే ఏందక్కా?"

"ఏందా? వేడి తారు వస్తా ఉండాది, అడ్డం రావద్దండి, పక్కకు పొండి అని..." అని అరవంలో చెబుతూనే మాదమ్మ ఆగిపోయింది. చిన్నసామి మొహం చూసింది. కాలి మంట ఎక్కడికి పోయిందో తెలీలేదు.

చిన్నసామి మోకాళ్ళ మీద కూలబడి మొహం బాదుకున్నాడు. "పక్కకు పొమ్మన్నాడా! ఆ తలుపు దగ్గరికి రావద్దన్నాడా! మేం పారిపొమ్మంటున్నాడనుకుని ఆయన మీదే పడ్డాం అక్కా. ఆయన అరిచేకొద్దీ ఇంకా తోశాం. మంటకూ మాకూ నడుమ నిలబడి పక్కకు పొమ్మంటుంటే, మేమే ఆయన్ను మంటలోకి తోశాం!"

ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. కానీ ఎదురుగా మంట కనపడినప్పుడు గోపాలప్ప నోటికి గడప గుర్తుంటుందా? వేడి వస్తుంటే ఏం అరవాలో అతనికి ఒకటే తెలుసు. తారు రోడ్డు మీద వేలసార్లు అరిచిందే అక్కడా అరిచాడు. వినాల్సినవాళ్ళకు ఆ మాట రాదు, వాళ్ళకు వచ్చిన మాటలో చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు.

పాపక్క చిన్నసామి దగ్గరికి వచ్చింది. "వాడు తలుపుకు వీపు పెట్టి నిలబడినాడంటివే. చేతులు ఎట్ల పెట్టినాడు?"

చిన్నసామి లేచి రెండు చేతులూ బార చాపి, వాటిని ఒక పక్కకు ఊపి చూపించాడు. డబ్బా దించాక జనాన్ని పచ్చి తారు మీదికి రాకుండా మళ్ళించేటప్పుడు గోపాలప్ప అచ్చం అట్లాగే ఊపేవాడు. ఆ వీధిలో అది తెలియనివాళ్ళు లేరు.

"మా గోపాలప్ప" అంది పాపక్క. ఆ పేరు ఆమె నోట విని ఎన్నాళ్ళయిందో. "నా బిడ్డకు మంట తగలకుండా అడ్డం నిలబడినాడే నా తమ్ముడు. వానికి నేను మన్ను పోస్తానంటినే!" ఆమె తన బొటనవేలి సిరా చూసుకుంది. బల్ల దగ్గరికి పోయి, తన వేలిముద్ర ఉన్న కాగితం తీసుకుంది. నరసింహన్ "అమ్మా, అది ఆఫీసు కాగితం" అంటుండగానే గచ్చు మీది తారులో పరిచి, చెప్పుకాలితో తొక్కింది.

నరసింహన్ అప్పటికి తేరుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది కానీ మాట మళ్ళీ పాత నిదానంలోకి వచ్చింది. "నాకు బాధగానే ఉందమ్మా. కానీ విచారణ ముగిసిపోయింది. ఎవరు ఏ భాషలో ఏమన్నారనేది ఇప్పుడు తేల్చేది కాదు. నా చేతిలో ఏమీ లేదు. పైవాళ్ళకు నోటిమాటగా చెబుతాను." అంటూనే సంచీ సర్దుకున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంతా విని, తోట తలుపు గుండా కారు దగ్గరికి నడిచాడు. ఈసారి ఆ తలుపు బాగానే కనపడింది.

కారు గేటు దాకా వచ్చి ఆగింది. గేటులో మాదమ్మ నిలబడి ఉంది, కాలికి తడి గోనెపట్ట చుట్టుకుని, చిన్నసామి భుజం పట్టుకుని. ఆమె పక్కన పాపక్క. వాళ్ళ వెనక వీధి వీధంతా, పనిముట్లు పట్టుకున్న తారు గుంపు, ఏమైందో అప్పటికే విన్న మేస్త్రీ రంగస్వామి. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ కొట్టాడు.

నరసింహన్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. చెయ్యి పక్కకు ఊపుతూ, బతిమాలినట్టుగా, అప్పుడే నేర్చుకున్న తెలుగు మాట అన్నాడు.

"తప్పుకోండమ్మా. తప్పుకోండి."

మాదమ్మ కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆ మాటకు అర్థం తెలిసింది గదా సామీ. చెయ్యి గూడా సరిగ్గానే ఊపినావు. ఇంక తెలీదనేదానికి లేదు. దిగు. దిగి, నా మొగుడు ఏమని అరిచినాడో రాసి, నీ చేవ్రాలు పెట్టు. అంతదాకా మేము తప్పుకోము, నిన్నూ తప్పుకోనీము."

డ్రైవరు ఇంజిను ఆపేశాడు.